పాత క్వాడ్ 405 పవర్ యాంప్లిఫయర్: స్పీకర్లు కలిపే ముందు

ఇంగ్లండులో ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక పెద్దాయన దగ్గర క్వాడ్ 405 కొన్నారని, విజయవాడకు తెచ్చిన తరువాత అది నాలుగేళ్ళు అట్టపెట్టెలోనే ఉండిపోయిందని, ఈమధ్య పాత స్పీకర్లు తగిలించి చూస్తే ఎడమ ఛానెల్‌లో మాత్రం గుయ్‌మనే మోత వస్తున్నదని రాశారు. కెపాసిటర్లన్నీ ఒకేసారి మార్చే కిట్ తెప్పించుకొమ్మని మీ మిత్రుడు చెప్పిన సలహా సరైనదేనా, కొత్తగా కొన్న 6 ఓమ్‌ల స్పీకర్లకు ఈ యంత్రం సరిపోతుందా, 2 వోల్టుల డాక్‌ను (డిజిటల్ పాటను మామూలు ఆడియో సిగ్నల్‌గా మార్చే పరికరం) దీనికి నేరుగా కలపవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. వీటికి సమాధానం చెప్పే ముందు ఒక విన్నపం: ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకు కొత్త స్పీకర్లను దాని దగ్గరకు తీసుకురాకండి. పాత స్పీకర్లతో ప్రాణాపాయం లేకుండా బయటపడ్డారు, అది అదృష్టమే అనుకోండి.

నా ఆందోళనకు కారణం ఉంది. తొలినాటి 405లో అవుట్‌పుట్‌కూ స్పీకరుకూ మధ్య రిలే (ప్రమాదంలో తీగను తెంచే విద్యుత్ స్విచ్) లేదు, అడ్డుగా నిలిచే పెద్ద కెపాసిటర్ కూడా లేదు. దానికి ముందు తరం మోడల్ క్వాడ్ 303లో అవుట్‌పుట్ మొత్తం ఒక పెద్ద కెపాసిటర్ గుండానే స్పీకరుకు చేరేది గనుక, లోపల ట్రాన్సిస్టర్ కాలిపోయినా డీసీ కరెంటు బయటకు వచ్చేది కాదు. 405లో ప్లస్ 50, మైనస్ 50 వోల్టుల సప్లయి ఉంటుంది. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఒకటి షార్ట్ అయితే ఆ 50 వోల్టులూ నేరుగా స్పీకరులోని తీగచుట్ట అయిన వాయిస్ కాయిల్ మీదకు వస్తాయి. 6 ఓమ్‌ల కాయిల్ మీద 50 వోల్టులంటే 400 వాట్లకు పైగా వేడి, అదీ సంగీతంలా వచ్చిపోయేది కాదు, ఆగకుండా పారే డీసీ. ఫ్యూజు పోయేలోపే కాయిల్ మాడిపోవచ్చు. తరువాతి రోజుల్లో వచ్చిన 405-2 బోర్డులలో ఇటువంటి సమయంలో అవుట్‌పుట్‌ను భూమికి కలిపేసే ట్రయాక్ (స్విచ్‌లా పనిచేసే భాగం) ఏర్పాటు చేర్చారు. మీ యంత్రం వెనుక పలక మీద 405 అని ఉందో 405-2 అని ఉందో ముందు చూసుకోండి. రెండోది అయినా సరే, నేను చెప్పబోయే వరస మారదు.

ఈ యంత్రం లోపల ఏం జరుగుతుందో కొంత తెలిస్తేగాని, ఏది మార్చవచ్చో ఏది ముట్టుకోకూడదో అర్థం కాదు. పీటర్ వాకర్ 1936లో మొదలుపెట్టి, యుద్ధకాలంలో హంటింగ్‌డన్‌కు తరలించిన చిన్న సంస్థే అకూస్టికల్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ. క్వాడ్ అన్నది వారి యాంప్లిఫయర్ పేరు. ఆయన, ఆయన సహచరుడు మైఖేల్ ఆల్బిన్‌సన్ కలిసి రూపొందించిన ‘కరెంట్ డంపింగ్’ పద్ధతిని 1975లో ప్రపంచానికి తెలియజేశారు. ఆ ఏడాది డిసెంబరు వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో వాకర్ దాని మీద వ్యాసం రాశారు. 1978లో ఈ పద్ధతికి అప్పట్లో బ్రిటిష్ రాణి పేరిట ఇచ్చిన సాంకేతిక పురస్కారం కూడా వచ్చింది.

మామూలు క్లాస్ ఏబీ యాంప్లిఫయరులో అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లకు కొద్దిపాటి కరెంటును ఎప్పుడూ పారిస్తూ ఉంచాలి. దానినే బయాస్ అంటాము. అది తగ్గితే సిగ్నల్ ప్లస్ నుంచి మైనస్‌కు దాటే చోట శబ్దం గీరుకుపోతుంది, పెరిగితే హీట్‌సింక్ పెనంలా కాలుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ సర్దుబాటు జారిపోతూ ఉంటుంది. 405లో చిన్నదైన ఒక క్లాస్ ఏ యాంప్లిఫయర్ నాణ్యత బాధ్యత తీసుకుంటుంది. బయాస్ ఏమీ లేని రెండు పెద్ద ట్రాన్సిస్టర్లు కరెంటు మోసే కూలీపని మాత్రం చేస్తాయి. ఈ డంపర్లు చేసే తప్పును లెక్కగట్టి, అంతకు అంత సవరణను క్లాస్ ఏ దశ అందించేలా నాలుగు భాగాలతో ఒక త్రాసును అమర్చారు: 500 ఓమ్‌ల రెసిస్టర్, 47 ఓమ్‌ల రెసిస్టర్, 120 పికోఫారడ్ల కెపాసిటర్, 3 మైక్రోహెన్రీల కాయిల్. రెండు రెసిస్టర్ల విలువలనూ కెపాసిటర్ విలువనూ గుణిస్తే 2.82 మైక్రోహెన్రీలు వస్తుంది. కాయిల్ విలువ దానికి దగ్గరగా ఉండటమే త్రాసు సమంగా ఉందనడానికి గుర్తు.

దీనివల్ల మీకు రెండు లాభాలు. మొదటిది, ఇందులో బయాస్ సర్దే స్క్రూ లేనే లేదు. అందువల్ల నలభై ఏళ్ళ తరువాత కూడా అది జారిపోయే ప్రశ్న రాదు. రెండవది, ఆ నాలుగు భాగాలూ వయసుతో ఎండిపోయే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల జాతివి కావు, కాలిపోతే తప్ప వాటంతట అవి పాడవవు. అప్‌గ్రేడ్ పేరుతో ఆ 120 పికోఫారడ్ల కెపాసిటర్‌ను ఖరీదైన మరో విలువతో మార్చిన బోర్డులు, కాయిల్ చుట్లు విప్పి మందపు తీగతో మళ్ళీ చుట్టిన బోర్డులు నా బల్ల మీదకు వచ్చాయి. త్రాసులో ఒక పళ్ళెం తీసి వెండిపళ్ళెం పెట్టినంత మాత్రాన తూకం సరిగా రాదు. అక్కడ చేయి పెట్టకండి.

ఇక మీ మోత సంగతి. కిట్ కొనక ముందే ఈ యంత్రం మీకు సగం జవాబు చెప్పేసింది. 405లో ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే, రెక్టిఫయర్ ఒకటే, 10,000 మైక్రోఫారడ్ల పెద్ద కెపాసిటర్లు రెండే. ఆ రెండూ ప్లస్ వైపు ఒకటి, మైనస్ వైపు ఒకటిగా రెండు ఛానెళ్ళకూ ఉమ్మడిగా పనిచేస్తాయి. అవి ఎండిపోయి మోత వస్తే రెండు ఛానెళ్ళలోనూ రావాలి. ఎడమవైపు మాత్రమే వస్తున్నదంటే పెద్ద కెపాసిటర్ల మీద నేరం మోపడం తొందరపాటు. అవి వయసు పైబడినవే, ఒకరోజు మార్చవలసినవే. అయితే మీరు వింటున్న మోతకు కారణం వేరేచోట ఉండే అవకాశమే ఎక్కువ.

మోత శ్రుతిని కూడా గమనించండి. మన ఇళ్ళ కరెంటు 50 హెర్ట్జ్. సప్లయి ఫిల్టరింగ్ లోపం వల్ల వచ్చే మోత 100 హెర్ట్జ్‌గా, కొంచెం బొంగురుగా, ముక్కుతో పలికినట్లు వినిపిస్తుంది. ఎర్త్ లేదా స్క్రీన్ (సిగ్నల్ తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) తెగిన తీగ వల్ల వచ్చేది 50 హెర్ట్జ్ లోతైన గుమ్ముమనే శబ్దం, చేయి తీగకు దగ్గరగా తెస్తే మారుతుంది కూడా. ఫోనులో స్పెక్ట్రమ్ చూపించే ఉచిత యాప్ ఒకటి వేసుకొని, స్పీకరు దగ్గర పట్టుకుంటే ఏ గీత పొడవుగా ఉందో కంటికే కనిపిస్తుంది. అయితే ఆ పని కింద చెప్పిన పరీక్షలు అయిన తరువాత, పాత స్పీకర్లతో మాత్రమే చేయండి.

నా అనుమానం ముందుగా ఇన్‌పుట్ సాకెట్ మీదకే పోతున్నది. 405లో ఇన్‌పుట్ ఇప్పటి పరికరాలకు ఉండే ఆర్‌సీఏ సాకెట్ కాదు, రెండు ఛానెళ్ళకూ కలిపి ఒకే గుండ్రటి నాలుగు పిన్నుల డిన్ సాకెట్. నాలుగేళ్ళు కృష్ణాతీరపు తేమలో ఉన్న ఆ పిన్నులు నల్లబడి ఉంటాయి. పైగా అటువంటి కేబుళ్ళు ఇప్పుడు దుకాణంలో తేలిగ్గా దొరకవు గనుక చాలామంది చేతితో అతికినవే వాడతారు. ఆ చిన్న ప్లగ్గులో స్క్రీన్ తీగ ఒక్కటి ఊడినా ఒక్క ఛానెల్‌లోనే మోత వస్తుంది. ఇది కూడా కింది పరీక్షల తరువాతే: యంత్రం ఆపి, కేబులుకు అవతలి కొసన కుడి ఎడమ ఇన్‌పుట్ తీగలను తారుమారు చేసి మళ్ళీ వినండి. మోత కుడివైపుకు మారితే నేరం కేబులుకు ముందున్న పరికరానిది. ఎడమవైపే ఉంటే నేరం కేబులు నుంచి బోర్డు దాకా ఉన్న భాగానిది. సాకెట్‌లో ఏమీ తగిలించకుండా కూడా వినండి. అప్పుడు మోత పోతే బోర్డు జోలికి వెళ్ళనవసరమే లేదు.

ఒక హెచ్చరిక. మోత పోవాలని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ తీగను తీసేసేవారు మన ఊళ్ళలో చాలామంది ఉన్నారు. దానివల్ల ఒక్కోసారి మోత పోవడం నిజమే. అయితే ఇది లోహపు ఒళ్ళున్న, నలభై ఏళ్ళ వయసు దాటిన ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న యంత్రం. దాని ఇన్సులేషన్ తెగిన రోజున ఎర్త్ లేకపోతే షాకు కొట్టేది మీకే. ఎర్త్ కదపవద్దు. ఇంటి సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో కూడా ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి.

ఇప్పుడు కరెంటు ఇచ్చే పద్ధతి. ఏళ్ళ తరబడి పడుకున్న యంత్రాన్ని నేరుగా 230 వోల్టులకు తగిలించకూడదు. వోల్టేజిని మెల్లగా పెంచే డిమ్మర్‌స్టాట్ ఉంటే మంచిదే, లేకపోయినా పరవాలేదు. ప్రతి మెకానిక్ దగ్గరా ఉండే సీరీస్ బోర్డు చాలు, నిజానికి నా దృష్టిలో అదే మేలు. ఫేజ్ తీగలో యాంప్లిఫయరుకు వరుసగా ఒక 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టాలి. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. దుకాణాల్లో ఫిలమెంట్ బల్బులు దొరకడం తగ్గిపోయింది గాని, కోడిపిల్లలకు వెచ్చదనం కోసం కోళ్ళఫారాల వాళ్ళు ఇంకా వాడుతుంటారు. ఆ సామాను అమ్మే కొట్లలో అడగండి. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి భగ్గున వెలిగి, పెద్ద కెపాసిటర్లు నిండేకొద్దీ మసకబారి, చివరకు సన్నటి ఎర్రటి వెలుగుగా మిగిలినా, పూర్తిగా ఆరిపోయినా లోపల షార్టు లేదని అర్థం. వెలుగు తగ్గకుండా నిలబడితే వెంటనే ఆపేయండి. ఈ పరీక్షలన్నిటిలోనూ స్పీకర్లు ఉండకూడదు, ఇన్‌పుట్ కూడా ఖాళీగా ఉండాలి. అన్నట్టు, 405కు ముందు పలక మీద స్విచ్ లేదు, ప్రీయాంప్లిఫయర్ నుంచే దానికి కరెంటు అందేలా తయారుచేశారు. కాబట్టి గోడ మీది స్విచ్చే మీ స్విచ్.

కరెంటు తీసేసి మూత తీశాక, ఇంకేదీ ముట్టుకునే ముందు ఆ రెండు పెద్ద కెపాసిటర్లను ఖాళీ చేయాలి. ఒక్కొక్కదానిలో 50 వోల్టుల దగ్గర 12 జౌళ్ళకు పైగా శక్తి నిలవ ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్టు కొట్టి టపాసు పేల్చే అలవాటు ఉంటే మానుకోండి, అది కెపాసిటర్‌కూ మంచిది కాదు, కళ్ళకూ మంచిది కాదు. 470 ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో అరనిమిషం పాటు తగిలించి, మీటరుతో 1 వోల్టు కన్నా తగ్గిందని చూసుకొన్న తరువాతే వేలు పెట్టాలి. వోల్టేజి సెట్టింగు కూడా చూసుకోండి. ఇంగ్లండు యంత్రం గనుక అది 240 వైపే ఉండాలి, మన 230కి అదే సరైనది. రాత్రిపూట మీ వీధిలో 260 దాకా పెరిగినా లోపలి 50 వోల్టులు 54 దగ్గరకు వెళతాయే తప్ప 63 వోల్టుల కెపాసిటర్లకు ప్రమాదం ఉండదు. అందుకే దీనికోసం ప్రత్యేకంగా స్టెబిలైజర్ కొనమని నేను చెప్పను.

సీరీస్ బల్బు పరీక్ష నెగ్గిన తరువాత మొదటి కొలత ఒక్కటే: రెండు ఛానెళ్ళ అవుట్‌పుట్ దగ్గర డీసీ వోల్టేజి. ఎర్రటి, నల్లటి 4 మిల్లీమీటర్ల సాకెట్ల మధ్య మీటరును మిల్లీవోల్టుల మీద పెట్టి చూడండి. 20 మిల్లీవోల్టుల లోపు ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. 50 దాటితే కారణం వెతకాలి. 100 దాటితే ఏ స్పీకరూ కలపవద్దు. ఈ యంత్రంలో సిగ్నల్‌ను అందుకునే మొదటి ఐసీయే అవుట్‌పుట్‌లోని డీసీని కనిపెట్టి సరిచేసే పని కూడా చేస్తుంది. అందువల్ల డీసీ తేడా కనిపిస్తే నేను మొదట చూసేది డంపర్లను కాదు, ఆ ఐసీని, దానికి సప్లయి ఇచ్చే, వోల్టేజిని ఒకే స్థాయిలో నిలిపే జెనర్ డయోడ్లను. ఐసీ 7వ పిన్ను, 4వ పిన్నుల దగ్గర ప్లస్, మైనస్ వోల్టేజీలు దాదాపు సమానంగా ఉండాలి. 50 వోల్టులను జెనర్ స్థాయికి దించే రెసిస్టర్లు ఎప్పుడూ వెచ్చగానే ఉంటాయి. వాటి కింద బోర్డు గోధుమరంగుకు తిరిగి ఉండటం మామూలే. అయితే అక్కడి అతుకులు ఎండి వలయాకారంలో పగిలి ఉండవచ్చు. భూతద్దంతో చూసి, అనుమానం ఉన్న ప్రతి అతుకునూ పాత సీసం తీసేసి మళ్ళీ వేయండి. ఆ జెనర్ల పక్కన ఉండే చిన్న ఎలక్ట్రోలైటిక్‌లు కూడా ఆ వేడికి ఎండిపోతాయి. కేబులు నిర్దోషి అని తేలితే, ఒక్క ఛానెల్ మోతకు నా రెండవ అనుమానం వీటి మీదే.

ఇక్కడ మీ దగ్గర ఒక గొప్ప సాధనం ఉంది: బాగా పనిచేస్తున్న కుడి ఛానెల్. రెండు బోర్డులూ అచ్చుగుద్దినట్టు ఒకటే. సర్క్యూట్ పటం చదవడం పూర్తిగా రాకపోయినా, ఆరోగ్యంగా ఉన్న బోర్డు మీద ఒక్కొక్క చోట వోల్టేజి రాసుకొని, జబ్బు బోర్డు మీద అదే చోట కొలిచి పోల్చితే, తేడా ఎక్కడ మొదలైందో అదే చూపిస్తుంది. కిట్‌లో ఉన్నవన్నీ ఒకేసారి మార్చితే ఈ సాధనాన్ని మీ చేతులారా పోగొట్టుకున్నవారవుతారు. పైగా ముప్పై చోట్ల సోల్డరింగు చేస్తే కొత్త తప్పు ఒకటైనా చేరుతుంది. ఆ కాలపు బోర్డుల మీద రాగి గీతలు ఎక్కువ వేడికి లేచిపోతాయి. ఒక గీత లేచిన బోర్డును మీరు మరమ్మతు చేస్తున్నారో పాడుచేస్తున్నారో చెప్పడం కష్టం. కిట్ కొనవద్దని అనడం లేదు. కొన్నా, ఒక ఛానెల్‌లో ఒక భాగం మార్చి, కొలిచి, తరువాతి దానికి వెళ్ళండి.

ఐసీ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. తొలినాటి 405లలో ఎల్ఎం301ఏ ఉండేది, తరువాత టీఎల్071 వచ్చింది. పాతదాన్ని తీసి కొత్తది పెట్టడం ఈ యంత్రానికి చేయగల మేలైన పనులలో ఒకటి, హిస్ అనే సన్నటి శబ్దం బాగా తగ్గుతుంది. అయితే ఎల్ఎం301ఏకు 1వ, 8వ పిన్నుల మధ్య బయట ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. టీఎల్071కు అటువంటి ఏర్పాటు లోపలే ఉంది గనుక, ఐసీ మార్చేటప్పుడు దానిని తీసేయాలి. నేరుగా సోల్డర్ చేయకుండా ఎనిమిది కాళ్ళ ఐసీ బేస్ పెట్టుకోండి. కొందరు ఇంకా వేగవంతమైన ఐసీలు పెట్టి గొప్పగా చెప్పుకుంటారు. సిగ్నల్ ఆకారాన్ని తెర మీద చూపే ఆసిలోస్కోప్ లేకుండా ఆ దారిన పోవద్దు. చెవికి వినపడని పౌనఃపున్యంలో యాంప్లిఫయర్ ఊగిసలాడుతూ, ట్వీటరును మెల్లగా కాల్చే ప్రమాదం ఉంది.

డంపర్లు పోయి ఉంటే మాత్రం జాగ్రత్త రెట్టింపు కావాలి. టీఓ-3 రూపంలో ఉండే ఈ లోహపు ట్రాన్సిస్టర్ల ఒళ్ళే కలెక్టర్, అందుచేత కింద ఇన్సులేషన్‌గా ఉండే మైకా వాషర్ చెక్కుచెదరకుండా ఉండాలి, రెండు వైపులా హీట్‌సింక్ పేస్టు పలుచగా పూయాలి. బిగించిన తరువాత ఒంటికీ హీట్‌సింక్‌కూ మధ్య మీటరులో షార్టు చూపకూడదు. కొత్తవాటిని అధీకృత పంపిణీదారుల నుంచే తెప్పించండి. కోఠీ గుజరాతీ గల్లీ అయినా, చెన్నై రిచీ స్ట్రీట్ అయినా, ముంబయి లామింగ్టన్ రోడ్డు అయినా రెసిస్టర్లకూ, తీగలకూ, ప్లగ్గులకూ నేను ఇప్పటికీ ఇష్టంగా వెళతాను. పవర్ ట్రాన్సిస్టర్లు, పెద్ద కెపాసిటర్లు మాత్రం చేతికి వచ్చిన చోట కొనను. ఒకప్పుడు ఒక కొట్లో తక్కువ ధరకు కొన్న జత ట్రాన్సిస్టర్లు పది నిమిషాలు కూడా నిలవలేదు. రంపంతో మూత కోసి చూస్తే, లోపల ఉండవలసిన దానిలో నాలుగో వంతు కూడా లేని చిప్పు ముక్క కనిపించింది. అచ్చు మాత్రం బయట ఎంతో అందంగా ఉంది.

పెద్ద కెపాసిటర్లు ఎప్పుడు మార్చాలి? పైభాగం ఉబ్బినా, అడుగున జిగురులా కారినా, మీటరులో విలువ బాగా తగ్గినా వెంటనే మార్చాలి. ఇవేవీ లేకపోయినా, యంత్రాన్ని ఇంకో ఇరవై ఏళ్ళు వాడదలచుకుంటే, మోత కారణం తేలిన తరువాత తీరిగ్గా మార్చండి. 10,000 మైక్రోఫారడ్లు, 63 వోల్టులు, 105 డిగ్రీలు అన్నది సరైన ఎంపిక. విలువను రెండింతలు, మూడింతలు చేస్తే బేస్ పెరుగుతుందని చెప్పేవారి మాట నమ్మవద్దు. స్విచ్ వేసినప్పుడు రెక్టిఫయర్ మీద పడే దెబ్బ పెరగడం తప్ప పెద్ద ప్రయోజనం లేదు. మెయిన్స్ తీగల మధ్య పాతకాలపు కాగితపు కెపాసిటర్ ఏదైనా కనిపిస్తే, అది బాగున్నట్లున్నా మార్చి, మెయిన్స్ కోసమే చేసిన, ఎక్స్2 గుర్తు ఉన్నది వేయండి. పగిలి పొగ చిమ్మడం ఆ జాతికి అలవాటే.

ఇప్పుడు పూర్తి శక్తి పరీక్ష. సీరీస్ బల్బు తీసేసి, స్పీకరుకు బదులు 8 ఓమ్‌ల రెసిస్టర్‌ను లోడుగా తగిలించి, ఫోను నుంచి 1 కిలోహెర్ట్జ్ శబ్దం ఇచ్చి, ఇన్‌పుట్ దగ్గర 0.5 వోల్టు వచ్చేదాకా పెంచితే అవుట్‌పుట్‌లో 28 వోల్టుల ఏసీ రావాలి. అదే 100 వాట్లు. అంత వేడిని తట్టుకునే రెసిస్టర్ లేకపోతే నేను వాడే ఉపాయం ఒకటి ఉంది: నీళ్ళు కాచుకునే 2,000 వాట్ల రాడ్లు మూడింటిని పక్కపక్కగా కలిపి బకెట్ నీళ్ళలో ముంచితే దాదాపు 8.8 ఓమ్‌లు అవుతుంది. ఇంట్లో వాళ్ళు వింతగా చూస్తారు, పోనివ్వండి. ఆ రాడ్ల ప్లగ్గులు గోడ సాకెట్‌లోకి పోయే అవకాశం లేకుండా ముందే తీసేయడం మరవకండి. రెండు ఛానెళ్ళూ సమానంగా ఇస్తూ, గంటసేపు నడిచాక కూడా డీసీ కొలత మొదటిలాగే ఉంటే యంత్రం పాసయినట్టే.

మీ 6 ఓమ్‌ల స్పీకర్ల విషయానికి వస్తే, ఇంట్లో వినే స్థాయికి 405 చక్కగా సరిపోతుంది. మామూలు గదిలో మామూలు శబ్దానికి ఖర్చయ్యేది చాలాసేపు 1 వాటు చుట్టుపక్కలే. అయితే తొలి 405లో కరెంటు పరిమితి కొంచెం తొందరగా పనిచేస్తుంది. ఇంపెడెన్స్ (ఏసీ సిగ్నల్‌కు ఎదురయ్యే నిరోధం) 4 ఓమ్‌ల కన్నా కిందికి జారే స్పీకర్లను గట్టిగా మోగిస్తే డప్పు దెబ్బ దగ్గర శబ్దం నలిగినట్టు అనిపిస్తుంది. 405-2లో ఆ పరిమితిని సవరించారు. ఇంకొక విశేషం: క్వాడ్ వారి పాత ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు 33 వోల్టుల శిఖరాన్ని మించి తట్టుకోలేవు, అందుకని వాటిని వాడేవారి కోసం అవుట్‌పుట్‌ను తగ్గించే ఏర్పాటు ఉండేది. మీకు అమ్మిన పెద్దాయనకు ఆ స్పీకర్లు ఉండి ఉంటే మీ యంత్రంలోనూ అది ఉండవచ్చు. పైన చెప్పిన పరీక్షలో రెండు ఛానెళ్ళూ 28 వోల్టులకు చేరకముందే ఒకే చోట ఆగిపోతే భయపడకండి, జబ్బు అనుకోకండి. ఆ ఏర్పాటు ఉందేమో వెతకండి.

డాక్‌ను నేరుగా కలపవచ్చు, కానీ అలా కలపవద్దు. ఈ యంత్రానికి పూర్తి శక్తికి 0.5 వోల్టు చాలు, మీ డాక్ ఇచ్చేది 2 వోల్టులు. వాల్యూమ్‌ను ఎప్పుడూ అట్టడుగున పెట్టుకొని వినవలసి వస్తుంది, డాక్ సొంత శబ్దం కూడా పెద్దదై వినిపిస్తుంది, ఎవరైనా పొరపాటున వాల్యూమ్ పూర్తిగా పెంచితే స్పీకర్లు బలి. కొత్తగా చేయించే డిన్ కేబులులోనే, యాంప్లిఫయర్ వైపు ప్లగ్గు దగ్గర, ప్రతి ఛానెలుకూ సిగ్నల్‌కు వరుసగా 15 కిలోఓమ్‌లు, ఆ తరువాత సిగ్నల్‌కూ స్క్రీన్ తీగకూ మధ్య 6.8 కిలోఓమ్‌లు పెట్టండి. యంత్రపు ఇన్‌పుట్ ఇంపెడెన్స్ 22 కిలోఓమ్‌లతో కలిపి లెక్కేస్తే సిగ్నల్ నాలుగో వంతుకు, అంటే 12 డెసిబెల్లు తగ్గుతుంది. ఒక్కొక్కటి రూపాయో రెండో చేసే మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు ఇవి. మొత్తం పనిలో మీ చెవికి అన్నిటికన్నా ఎక్కువ తేడా చూపేది ఇదే కావచ్చు.

కొత్త స్పీకర్లు కలపడానికి ముందు డీసీ ప్రొటెక్షన్ బోర్డు ఒకటి వేసుకోండి. తక్కువ ధరకే దొరుకుతాయి, కానీ వాటి మీది రిలేలు చాలావరకు 30 వోల్టుల డీసీకి రాసినవి. 50 వోల్టుల డీసీ కరెంటును తెంచబోతే కాంటాక్టుల మధ్య మెరుపు నిలిచిపోయి, రిలే తెరుచుకున్నా కరెంటు ఆగదు. మూడు కాంటాక్టులున్న రిలే తీసుకొని, కదిలే కాంటాక్టుకు స్పీకరును, రిలే పనిచేసినప్పుడు అంటుకునే కాంటాక్టుకు యాంప్లిఫయరును, పనిచేయనప్పుడు అంటుకునే కాంటాక్టుకు ఎర్త్‌ను, అంటే యాంప్లిఫయర్ నల్లటి సాకెట్ వైపును, కలపండి. అప్పుడు మెరుపు నిలిచినా ఆ కరెంటు స్పీకరులోకి పోకుండా ఎర్త్‌లోకి పోయి ఫ్యూజును తెంచుతుంది.

యంత్రాన్ని టీవీ అల్మరాలో, మూసిన తలుపుల వెనుక పెట్టవద్దు. దాని ముందు పలకే హీట్‌సింక్, మే నెలలో మీ ఊరి ఎండకు గాలి తగలకపోతే ఎలక్ట్రోలైటిక్‌ల ఆయుష్షు తరిగిపోతుంది.

ముందుగా మూడు సంగతులు తెలియజేయండి: సీరీస్ బల్బు పూర్తిగా ఆరిందా లేదా, రెండు ఛానెళ్ళ డీసీ ఎన్ని మిల్లీవోల్టులు, ఇన్‌పుట్ తీగలు తారుమారు చేసినప్పుడు మోత ఎటు పోయింది. వీలైతే ఎడమ బోర్డు ఫొటో ఒకటి, ఐసీ మీది అక్షరాలు కనిపించేలా తీసి పంపండి. అవి చూశాక కిట్‌లో మీకు నిజంగా అవసరమైన భాగాలు ఏవో విడిగా రాస్తాను.